వీడియో ఆటలును, మన పిల్లల చదువును

(పాఠశాల వార్షికోత్సవమునకు ముందు జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



ఈ యేడు మీలో పలువురు సంతకములు చేసి మాకొక విన్నపము పంపియున్నారు. పిల్లలు ఆటలకు మరిగి చదువు మానుచున్నారనియు, కావున పాఠశాలలోని కంప్యూటరు గదిని మూసివేయవలెననియు, సెల్‌ఫోను ద్వారా పాఠములు పంపు పద్ధతిని వెంటనే నిలుపవలెననియు దాని సారాంశము. ఆ విన్నపమును మేము రెండుసార్లు చదివితిమి. ఉపాధ్యాయుల సమావేశములోను చదివి వినిపించితిమి. సంతకము చేసినవారిలో గులాబి తోటల రైతులు గలరు. కర్మాగారములలో రాత్రి షిఫ్టు చేయువారు గలరు. పూలు కట్టలు కట్టుటకు పోవు తల్లులు గలరు. కోపముతో గాక భయముతో వ్రాసిన జాబు అది. భయపడుటకు కారణమును కలదు. కనుక నేటి ప్రసంగమునకు ఆ విషయమునే గైకొంటిమి. పరీక్షా ఫలితములు, తెలుగు పాఠ్యపుస్తకముల ఆలస్యము, తూర్పు గోడ మరమ్మత్తు, ఇత్యాదులు కార్యదర్శిగారి నివేదికలో ఉన్నవి. వానిని అందు చూచుకొందురు గాక.

ఆట మన యిండ్లకు క్రొత్త కాదు. మన అవ్వలు చింతపిక్కలతో ఆడిన వామనగుంటలనే తమిళులు పల్లాంగుళి యందురు, కన్నడిగులు అళిగుళి మణె యందురు. ఎల్లలోని మన హోసూరు ప్రాంతమున మూడు భాషలవారును ఒకే చెక్కపలక ముందు కూర్చుండి ఆడిన ఆట యది. గింజలు పంచుచు, ఎదుటివారి గుంటలో నెన్ని మిగులునో మనసులోనే లెక్కించుచు, అక్షరము రాని ముసలమ్మ కూడ కూడిక తీసివేతలలో మన యయిదవ తరగతి వారిని మించియుండెడిది. అష్టాచెమ్మ, పులిజూదము, దాడి యాట సంగతియు నిట్టిదే. వైకుంఠపాళి మాట వేరు. అందు ఆడువాని తెలివికి పనిలేదు. అంతయు గవ్వల చలవ. అయినను నిచ్చెనకొక సుగుణము పేరును, పాము నోటికొక దుర్గుణము పేరును వ్రాసిన పెద్దలు, ఆటలో పాఠము పెట్టవచ్చునని యెరిగినవారే. ఆ యాట ఇంగ్లండు చేరిన పిదప గుణదోషముల పేర్లు క్రమముగా రాలిపోయి, ఒట్టి పాములును నిచ్చెనలును మిగిలినవి. ఆటనుండి పాఠము జారిపోవుట ఎంత సులభమో దీనివలన తెలియుచున్నది. ఈ సంగతిని కొంచెము గుర్తుంచుకొనుడు.

తెరపై ఆడు ఆటకు ఇప్పటికి అరువది యేండ్లు దాటినవి. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అను భౌతిక శాస్త్రవేత్త, చూడవచ్చిన జనులు విసుగు చెందకుండుటకై ఆసిలోస్కోపు తెరపై ఒక టెన్నిసు ఆటను అమర్చెను. 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రసెల్ మొదలగు యువకులు అంతరిక్ష నౌకల పోరాటమును ఆటగా వ్రాసిరి. 1972లో అటారీ సంస్థ పాంగ్ అను ఆటను నాణెము వేసి యాడు యంత్రముగా బజారునకు తెచ్చిన పిమ్మట గాని ఇది పెద్ద వ్యాపారము కాలేదు. తరువాత జపాను దేశమువారు అందుకొనిరి. 1984లో మాస్కోనుండి టెట్రిస్ వచ్చెను. ఈ చరిత్రనంతయు చెప్పుటకు నేడు వేళ లేదు.

మాకు వీనియన్నిటికంటె ఆసక్తి కలిగించినది వేరొకటి గలదు. ఏలయన అది ఉపాధ్యాయుని చేతిలో పుట్టినది. 1971లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున డాన్ రావిచ్ అను యువకుడు బోధనాభ్యాసము చేయుచు, ఎనిమిదవ తరగతి పిల్లలకు చరిత్ర చెప్పవలసి వచ్చెను. పందొమ్మిదవ శతాబ్దిలో కుటుంబములకు కుటుంబములు ఎద్దుబండ్లు కట్టుకొని రెండువేల మైళ్లు పడమటికి ప్రయాణమైపోయిన వృత్తాంతము ఆనాటి పాఠము. బిల్ హైనెమన్, పాల్ డిలెన్‌బర్గర్ అను తోటివారితో గలసి అతడా ప్రయాణమును కంప్యూటరు ఆటగా కూర్చెను. పేరు ఓరెగాన్ ట్రెయిల్. వారికి తెర కూడ లేదు. టెలిటైపు యంత్రము కాగితముపై అక్షరములు కొట్టెడిది. చేతనున్న సొమ్ములో ఎద్దులకెంత, తిండికెంత, బట్టలకెంత, తుపాకి మందునకెంత యని పిల్లలు ముందుగా నిర్ణయింపవలెను. లెక్క తప్పినచో దారిలో ఆకలియో, జబ్బో, చావో ఎదురగును. పుస్తకములో ఒక్క వాక్యముగా నున్న కష్టము, తాము చేసిన లెక్కవలననే తమకు వచ్చినదని పిల్లలు తెలిసికొనిరి. 1974 తరువాత మిన్నెసోటా విద్యా కంప్యూటరు సంస్థ దానిని ఆ రాష్ట్రపు పాఠశాలలకు అందించెను; పిమ్మట అది దేశమంతట వ్యాపించెను. లోపము లేదనుట కాదు. ఆ దారి పొడవున అంతకు ముందునుండియే నివసించిన ఆదివాసుల కథను వారి కన్నులతో చెప్పలేదను విమర్శ దానిపై వచ్చెను. 2021లో వెలువడిన క్రొత్త కూర్పునకు ఆదివాసీ చరిత్రకారుల సలహా తీసుకొనిరి. పాఠ్యపుస్తకమును ఎట్లు దిద్దుదుమో, ఆటనును అట్లే దిద్దవలసియుండును.

ఇక మన పిల్లల సెల్‌ఫోనులలోని ఆటలు వేరు జాతివి. ఆ బండి ప్రయాణము పాఠపు గంటతో ముగిసెడిది. ఇవి ముగియవు. ముగియకుండుటయే వాని నిర్మాణము. బి. ఎఫ్. స్కిన్నర్ అను అమెరికను మనస్తత్వ శాస్త్రవేత్త పావురములతో చేసిన ప్రయోగములను మేము ఉపాధ్యాయ శిక్షణలో చదివియున్నాము. బిళ్లను పొడిచినప్పుడెల్ల గింజ పడుచున్నచో, గింజలు ఆగిన కొలదిసేపటికే పక్షి పొడుచుట మానును. ఎన్నవ పొడుపునకు పడునో తెలియకుండ పడుచున్నచో, గింజలు ఆగిపోయిన పిదప కూడ చాలసేపు పొడుచుచునే యుండును. లాటరీ చీటిలోనున్న కిటుకు ఇదియే. నేటి పలు ఆటలలో అదృష్టపు పెట్టెలు కలవు. సొమ్ము చెల్లించి పెట్టె తెరచినగాని లోన నేమున్నదో తెలియదు. బెల్జియము దేశము 2018లో ఇట్టి పెట్టెలు జూదమేయని నిర్ణయించెను. 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వపు వాణిజ్య సంఘము, ఫోర్ట్‌నైట్ అను ఆటను నడుపు ఎపిక్ గేమ్స్ సంస్థచే 52 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పించెను. పిల్లల వివరములను సేకరించుటయు, మీటల అమరికచే ఆడువారు కోరని కొనుగోళ్లు జరుగునట్లు చేయుటయు అందలి అభియోగములు. కనుక, "మా వానికి మనోనిగ్రహము లేదు" అని మీరు బిడ్డను తిట్టునప్పుడు, పన్నెండేండ్ల ఆ మనోనిగ్రహమునకు ఎదురుగా చదువుకొన్న ఇంజనీర్లు వందలకొలది కూర్చున్నారని కూడ తలపవలెను.

మన పాఠశాలలోనే తొమ్మిదవ తరగతి బాలుడొకడు, పేరు చెప్పము, తల్లి ఫోనునుండి పదునొకండు వేల రూపాయలు ఆటకు చెల్లించెను. ఒక్కనాడు కాదు, నలుబది, ఎనుబది, నూటయరువది రూపాయల చొప్పున నాలుగు మాసములు. కొన్నదేమన్న, తెరమీది తుపాకికి రంగులు, తెరమీది మనిషికి చొక్కాలు. ఆ తల్లి పూల గిడ్డంగిలో నిలువుకాళ్లపై పనిచేసి, ఇంటి యద్దెకని దాచిన సొమ్మది. ఎవరో దొంగిలించినారని ఆమె బ్యాంకునకు పోయి, అచ్చట వారు కాగితము చేతికిచ్చి చూపువరకు నమ్మలేదు. తరువాత మా గదికి వచ్చి కూర్చుండి, బాలుని గూర్చి ఒక్క మాటయు అనక, ఫోనులో రహస్య సంఖ్యను మార్చుట ఎట్లో నేర్పుడని మమ్ములను అడిగినది. నేర్పితిమి. బాలుని సంగతి తరువాత చెప్పుదుము.

ప్రభుత్వము నిషేధించినచో సరిపోదాయని మీ విన్నపములో ఒక వాక్యము గలదు. 2020 సెప్టెంబరు 2వ తేదీన కేంద్ర ప్రభుత్వము పబ్జీతో గూడ 118 యాప్‌లను నిషేధించెను. దానికి చూపిన కారణము దేశభద్రత. పిల్లల చదువు కాదు. 2021లో అదియే బీజీఎంఐ అను మరొక పేరుతో వచ్చెను. 2022 జులైలో దానిని తొలగించిరి. 2023 మే మాసములో మరల వచ్చెను. ఈ నడుమ మన పిల్లలు ఒక్క దినమైనను ఆట లేక ఉండలేదు. ఒకటి పోయిన రెండవదానికి మారిరి. చైనా దేశము 2021లో ఇంకను గట్టిగా బిగించి, పదునెనిమిదేండ్లలోపు వారు శుక్ర, శని, ఆదివారములలోను, సెలవు దినములలోను రాత్రి ఎనిమిదినుండి తొమ్మిదివరకు మాత్రమే ఆన్‌లైను ఆటలు ఆడవలెనని ఆజ్ఞాపించెను. మన దేశమున అట్టి గంట కొట్టువారు లేరు. ఆ గంట ఇంటిలోనే మ్రోగవలెను.

డబ్బు పందెముగా పెట్టి ఆడు ఆటల మాట వేరుగా చూడవలెను. తమిళనాడు ప్రభుత్వము 2022లో ఆన్‌లైను జూదమునకు వ్యతిరేకముగా చట్టము చేసెను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము పందెపు ఆటలను దేశమంతట నిషేధించుచు, పందెము లేని ఆటలకును ఈ-స్పోర్ట్స్ అను పోటీలకును ప్రోత్సాహము చూపినది. ఇచ్చట ఒక మాట చనువుగా చెప్పుదుము, ఆగ్రహింపకుడు. ఫోనులో రమ్మీ యాడి అప్పులపాలైన తండ్రులు మన మధ్యనే కలరు. ఆ సంగతి విన్నపములో లేదు. అన్నము తినునప్పుడు ఒక చేత ముద్దయు, ఒక చేత ఫోనునుగా నుండు పెద్దలను పిల్లలు చూచుచునే యున్నారు.

ఆడు ప్రతి బిడ్డయు రోగియా యని అడుగుదురు. కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పదునొకండవ రోగ వర్గీకరణము 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. అందు ఆట వ్యసనమును ఒక రుగ్మతగా చేర్చినారు. ఆటపై అదుపు తప్పుట, తిండి నిద్ర చదువులకన్న ఆటయే ముఖ్యమగుట, హాని కలుగుచున్నదని తెలిసియు మానలేకుండుట, ఈ మూడును కలసి సాధారణముగా పండ్రెండు మాసములు సాగినప్పుడే ఆ పేరు పెట్టుదురు. సెలవులలో పది దినములు అతిగా ఆడిన పిల్లవానిని వ్యసనపరుడని పిలువవలదు. ఆ పేరు వానికి అంటుకొనును. అయితే ఆ మూడు లక్షణములును కనబడినచో దాచవలదు. మనకు నలుబది కిలోమీటర్ల దూరముననున్న బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యశాలలో ఇందుకొరకే ఒక ప్రత్యేక విభాగమును 2014లో ప్రారంభించిరి. పోవుటకు సిగ్గుపడు తల్లిదండ్రులకు తోడుగా మా ఉపాధ్యాయులలో ఒకరు వత్తురు.

ఆటలలోని కాల్పులు చూచి పిల్లలు హంతకులగుదురను భయము కొందరికి గలదు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘము 2020లో ఈ విషయమును పునఃపరిశీలించి, అరచుట, నెట్టుట వంటి దుడుకుతనముతో స్వల్ప సంబంధము కనబడుచున్నదనియు, ఘోర హింసకు ఆటలే కారణమనుటకు చాలినంత ఆధారము లేదనియు చెప్పెను. మా తరగతి గదులలో మేము చూచునదియు ఇంచుమించు అంతియే. మరియొక వైపున, చురుకైన ఆటలు ఆడువారికి చూపు నిలుపు శక్తి మెరుగగునని 2003లో రోచెస్టరు విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన పరిశోధన యొకటి గలదు. దీనిని చూపి, ఆడినకొలది తెలివి పెరుగునని మా ముందు వాదించిన పదవ తరగతి విద్యార్థి యొకడు కలడు. కంటి చురుకుదనము నిజమే కావచ్చును. బీజగణితము మాత్రము కూర్చుండి చేసిననే వచ్చునని వానికి చెప్పితిమి.

మమ్ము అన్నిటికంటె కలతపెట్టునది భాష. మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము. 2006నాటి తమిళ బోధన చట్టము ప్రకారము తమిళమును పాఠముగా చదువవలెను, ఆంగ్లము సరేసరి. ఇన్ని లిపుల బరువు మోయుచునే వారు తెలుగు మాధ్యమమున చదువుచున్నారు. మిగిలిన ఆటవేళలో తెలుగు మాటాడుదురని మేము ఆశించుచుంటిమి. ఇప్పుడు చెవిలో గొట్టము పెట్టుకొని, ఎన్నడును చూడని ఎవరెవరితోనో హిందీ ఆంగ్లములు కలిపి కేకలు వేయుచున్నారు. మా పిల్లలు ఆడు ఆటలను వరుసగా తెరపించి చూచితిమి. వానిలో ఒక్క తెలుగు అక్షరము మాకు కనబడలేదు. పూర్వము గోలీలాటలో, కోతికొమ్మచ్చిలో పుట్టిన మాటలు, ఎకసెక్కెములు, వాదులాటలు ఎన్నియో ఉండెడివి. బిడ్డకు భాష బడిలోకన్న ఆటలోనే ఎక్కువగా పట్టుబడును. ఆటస్థలము నుండి తెలుగు తొలగినచో, బడిలో నిలుపుట మావంటివారి తరము కాదు.

ఈ చింతతోనే క్రిందటి సంవత్సరము ఒక ప్రయత్నము చేసితిమి. మసాచుసెట్స్ సంస్థవారే 2007లో వెలువరించిన స్క్రాచ్ అను సాధనము గలదు, వెల లేదు, ముక్కలు పేర్చినట్లు పేర్చి పిల్లలే ఆటలు కట్టవచ్చును. మన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు దానితో గులాబి తోట అను ఆటను కట్టిరి. మొదట నెల దినములు కంప్యూటరు ముట్టనీయలేదు, అట్టముక్కలపైనే ఆడించితిమి. ఆడువాడు అర యెకరము రైతు. చేతిలో కొంత సొమ్ము. అంటు మొక్కలకెంత, ఎరువునకెంత, కూలికెంత, బోరులో నీరెన్నాళ్లు, బూడిద తెగులు వచ్చిన మందునకెంత. ఫిబ్రవరి 14వ తేదీకి పూవు విదేశము చేరవలెనన్న డిసెంబరులోనే కొమ్మ కత్తిరింపవలెను. ఆ పండుగపై మా యభిప్రాయము వేరు గాని, ఆ వారపు ధర మన తోటలకు తెలియును.

ధరలు తెలియక పిల్లలు ఇంట అడిగిరి. అప్పుడు జరిగినది మేము ఎదురుచూడనిది. తండ్రులు రాత్రి కూర్చుండి లెక్కలు చెప్పిరి. ఒక తాతగారు బడికే వచ్చి, "ఆ నీళ్లకు ఆ చెట్టు బ్రతకదు" అని పిల్లలతో వాదమునకు దిగెను. పాదు, బోదె, చిగురు, మొటిక, తెగులు, కూలి మాపు, ఇట్టి మాటలు ఆట తెరమీదికి ఎక్కినవి. వానిలో కొన్నిటిని మన తెలుగు పండితులవారు నిఘంటువులో వెదకి, దొరకక, పిల్లల వ్రాతనే ఉంచిరి. ఏ మార్కులును లేని పనికి ఎనిమిదవ తరగతివారు నిలువు పట్టికలు గీసి, శాతములు కట్టిరి. ఇందు పాల్గొన్నవారెల్లరును గణితములో ముందుకు వచ్చిరని చెప్పము, అట్లు రాలేదు. నలుగురైదుగురు వచ్చిరి. కొందరు బొమ్మలకు రంగులు వేయుటతో తృప్తిపడిరి. మేము చెప్పిన ఆ పదునొకండు వేల బాలుడు ధరల పట్టికను పట్టుకొనెను. ఆడువానికి సొమ్ము ఎప్పుడు కరవగునో, ఎచ్చట ఆశపెట్టిన మరల ఆడునో వానికే బాగుగా తెలియును. ఒకనాడు తన ఆటలోనే ఒక అదృష్టపు పెట్టెను పెట్టెను. తోటి పిల్లలు ఎవరును దానిని తెరవక మానలేదు. రెండు దినములు వారిని చూచి, తానే దానిని తీసివేసెను. ఎందుకని మేము అడుగలేదు. వాడు పూర్తిగా మారినాడని మీకు చెప్పము. ఇంట నేటికిని రాత్రివేళ ఫోనుకై తల్లితో పెనుగులాట జరుగుచునే యున్నది. కాని ఆమెకు తెలియకుండ ఒక్క రూపాయియు పోలేదని ఆమె చెప్పినది.

చెన్నై పట్టణమున తెలుగు కుటుంబములో పుట్టిన గుకేశ్, 2024 డిసెంబరులో సింగపూరులో డింగ్ లిరెన్‌పై గెలిచి పదునెనిమిదేండ్లకే చదరంగపు ప్రపంచ విజేత అయ్యెను. నేటి చదరంగ క్రీడాకారులు కంప్యూటరు లేక అడుగు వేయరు. అట్టి కాలములో అతని గురువు విష్ణు ప్రసన్న తొలి యేండ్లలో చాలకాలము అతనికి కంప్యూటరు విశ్లేషణ నిచ్చు సాధనము చేతికీయలేదు; మొదట తన తలతో లెక్కింపనిచ్చెను. యంత్రము వచ్చు వేళను గురువు నిర్ణయించెను. మేము అట్టముక్కలతో నెల దినములు గడుపుటకు ధైర్యము ఇచ్చినది ఈ వృత్తాంతమే.

ఇక విన్నపమునకు జవాబు. కంప్యూటరు గదిని మూయము. మూసినచో పోవునది గులాబి తోట. పబ్జీ గదిలో లేదు, అది మీ యింటి దిండు క్రిందనున్నది. గది మంగళ, శుక్రవారములలో బడి విడిచిన పిమ్మట నలుబదియైదు నిమిషములు ఉపాధ్యాయుని సమక్షమున తెరచియుండును. ఫోనులో పాఠములు పంపుట 2020లో బడులు మూతపడినప్పుడు వేరు దారి లేక మొదలైనది. ఈ నెలనుండి ఇంటిపనిని పలకపైనను, కాగితముపైనను మాత్రమే ఇత్తుము. అత్యవసర సమాచారము తల్లిదండ్రుల సంఖ్యకే వచ్చును. కాబట్టి "బడి పని ఉన్నది, ఫోను ఇమ్ము" అని రాత్రి ఎనిమిది గంటలకు బిడ్డ అడిగినచో, లేదని మీరు నిర్భయముగా చెప్పవచ్చును. సొమ్ము చెల్లించు యాప్ ఉన్న ఫోనును ఆటకు ఈయకుడు. రహస్య సంఖ్యను బిడ్డ పుట్టినతేదీగా పెట్టకుడు. మీలో సగముమంది సంఖ్య అదియేనని పిల్లలే మాకు చెప్పినారు. సాయంకాలము ఆరున్నరవరకు ఆటస్థలము గేటు వేయవద్దని కావలివానికి చెప్పియున్నాము. గోలీలు, బొంగరములు, వామనగుంటల పలకలు రెండు, కార్యాలయములో నున్నవి, అడిగినవారికి ఇత్తుము.

సభ ముగిసిన పిమ్మట గులాబి తోట ఆటను మీరు చూడవచ్చును. యంత్రములు ఏడు మాత్రమే పనిచేయుచున్నవి. కావున తరగతుల వారీగా రండు. ధరలు పోయిన జనవరినాటివి. తప్పున్నచో పిల్లలకు చెప్పుడు, వారు కాగితము పట్టుకొని కూర్చున్నారు.